సముద్రం ఫీడరు మనిషి

ఆ తుపానప్పుడు మా తీరంలోని రొయ్యల గుంటలన్నిటికీ నేనొక్కణ్ణే కరెంటు తెప్పించానని మా వీధిలో ఒక నమ్మకం ఉంది. ఆ నమ్మకాన్ని పుట్టించింది నేనే. ఏటా వానలు మొదలవగానే దానికి కాస్త ఎరువు వేసి పెంచుతున్నదీ నేనే. మొదట్లో ఆ కథలో నేను మోకాలి లోతు నీళ్లలో నడిచి వెళ్లేవాణ్ణి. పోయిన ఏడాదికి నీళ్లు మెడదాకా వచ్చేశాయి.

ఇప్పుడు కాగితం మీద పెడుతున్నాను. కాగితం మీద పెడితే నా మిత్రుడు చదువుతాడు. అందుకని నీళ్లను మళ్లీ కిందికి దించక తప్పడం లేదు. రాసేముందు అతన్ని అడిగాను కూడా. సైకిలు చైనుకు నూనె వేసుకుంటున్నవాడు డబ్బా కింద పెట్టాడు. "రాయన్నా. నా పేరు రాయబాక. జబ్బు పేరు మాత్రం రాయి. చదివేవాళ్లకు పనికొచ్చేది అదే గదా" అన్నాడు.

జబ్బు పేరు బైపోలార్. మనసు కొన్నాళ్లు పట్టపగ్గాల్లేకుండా పైకి లేస్తుంది. కొన్నాళ్లు మంచం దిగడానికి కూడా ఓపిక లేనంతగా కుంగిపోతుంది. మధ్యలో నెలలు, ఒక్కోసారి ఏళ్లు, మీలాగా నాలాగా మామూలుగా ఉంటుంది. ఆ మామూలు రోజుల్ని పెంచడానికే మాత్రలు.

కొత్తగా కరెంటు ఉద్యోగాల్లో చేరుతున్న పిల్లలకు మా పని గురించి రెండు ముక్కలు చెప్పాలి. నేను సబ్‌స్టేషన్‌లో ఆపరేటర్ని. కుర్చీలో కూర్చుని చేసే ఉద్యోగం. పెళ్లిచూపుల్లో మాత్రం ప్రాణాలతో చెలగాటమని చెప్పాను. లైన్‌మన్ తీగ ముట్టుకోవాలంటే ముందు నాకు ఫోన్ చేసి లైన్ క్లియర్ అడగాలి. మేం ఎల్‌సీ అంటాం. నేను ఆ ఫీడరు, అంటే ఆ వైపు పోయే కరెంటు లైను, ఆపి, తాళం వేసి, బోర్డు తగిలించి, ఇచ్చానని చెబుతాను. పనయ్యాక అతను ఎల్‌సీ తిరిగి ఇస్తేనే మళ్లీ కరెంటు వదులుతాను. ఇందులో ఒక నియమానికి మినహాయింపు లేదు. ఎల్‌సీ ఎవరు తీసుకున్నారో వాళ్ల నోటితోనే తిరిగి రావాలి. పక్కనున్నవాడు చెప్పినా, పైనున్న ఆఫీసరు చెప్పినా చెల్లదు. ఈ నియమం తప్పినచోట మనుషులు పోయారు.

సముద్రం ఫీడరు అని మేం పిలిచే లైను ఇందుకూరుపేట పక్క పొలాలు దాటి, రొయ్యల గుంటల మీదుగా, సరుగుడు తోపుల్లోంచి ఒడ్డునున్న జాలర్ల పాలేల దాకా పోతుంది. ఉప్పుగాలి ఆ లైనును ఒక్క వారం కూడా సుఖంగా ఉండనివ్వదు. దాన్ని చూసుకోవడానికి వాకాడు వైపునుంచి బదిలీ మీద వచ్చాడు నా మిత్రుడు. నాకంటే చిన్నవాడు, సన్నటి మనిషి, నవ్వితే కళ్లు మూసుకుపోతాయి. మొదటి రోజు అందరం టీ తాగుతుంటే గ్లాసు కింద పెట్టి తన జబ్బు సంగతి చెప్పేశాడు. ఆసుపత్రిలో ఉండి వచ్చానన్నాడు. రోజూ మాత్రలు వేసుకుంటానని, మాత్ర తప్పకుండా నిద్ర చెడకుండా చూసుకుంటే స్తంభం ఎక్కవచ్చని నెల్లూరులో డాక్టరమ్మ చెప్పిందని అన్నాడు. షుగరు ఉన్నవాడు కూడా దాన్ని దాచిపెట్టి టీలో రెండు చెంచాలు వేయించుకునే చోట అతను ఆ మాటన్నాడు. ఆ షుగరువాణ్ణి నేనే.

మాలో ఒక సీనియర్ లైన్‌మన్ ఉండేవాడు. అందరం పెద్దాయన అనేవాళ్లం. గుబురు మీసం, మైకు అక్కర్లేని గొంతు. ఎవరినీ వదిలిపెట్టడు. "అట్టయితే డ్యూటీ చార్టులో నీ పేరు రెండుసార్లు రాయాల్నా?" అన్నాడు. అందరూ నవ్వారు. కొత్తవాడూ నవ్వాడు.

"రాయించన్నా. జీతం కూడా రెండు ఇప్పించు. కాకపోతే నేను ఒకణ్ణే. వోల్టేజీకే నిలకడ లేదు."

పెద్దాయన టీ డబ్బులు ఇవ్వడం నేను చూసింది ఆ రోజే.

కొద్దిరోజులకు అతను కంట్రోల్ రూముకొచ్చి నా ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చున్నాడు. జబ్బు లేచేముందు తనలో ఏం కనబడుతుందో చెప్పాడు. నిద్ర మానేస్తాడు. మాట ఆపడు. ఒంటిమీద ఉన్నవి కూడా తీసి ఇచ్చేస్తాడు. "అయ్యి వచ్చినప్పుడు నాకు తెలీదన్నా. బయటోళ్లకే కనబడతాది. కనబడితే నా మొహం మీదే చెప్పు. నేను తిడతా. తిట్టినా చెప్పు" అన్నాడు.

ఇంతమందిలో నన్నెందుకు ఎంచుకున్నావని అడిగాను. నా మంచితనం గురించి ఏదో అంటాడని కాస్త సర్దుకుని కూర్చున్నాను కూడా. "నువ్వెట్టాగూ కుర్చీలోంచి లేవవు గదా. ఎప్పుడు ఫోన్ చేసినా దొరుకుతావని" అన్నాడు.

ఒక మనిషి ఇంత బరువైన పని అప్పగిస్తే ఊరుకుంటానా. మర్నాటినుంచే విరుచుకుపడ్డాను. ఫోన్ ఎత్తగానే మాత్ర వేసుకున్నావా అనేవాణ్ణి. ఎల్‌సీ ఇచ్చేముందు రాత్రి ఎంతసేపు పడుకున్నావని అడిగేవాణ్ణి. అతను జోకు చెప్పి గట్టిగా నవ్వితే అనుమానంగా చూసేవాణ్ణి. కొత్త చొక్కా వేసుకొస్తే వాళ్లావిడకు ఫోన్ చేశాను. కూతురు పుట్టినరోజని ఆమె చెప్పింది. ఒకరోజు మరమ్మతు సామాను నాసిరకంగా వచ్చిందని అతను స్టోరువాళ్ల మీద మండిపడ్డాడు. నేను మధ్యలో దూరి, అందరి ముందూ, కోపం మంచిది కాదు నాయనా, డాక్టరమ్మను చూద్దామా అన్నాను. స్టోరువాడు బతుకుజీవుడా అని తప్పుకున్నాడు. నాసిరకం సామాను మాకే అంటగట్టాడు.

సాయంత్రం అతను వచ్చి స్టూలు లాక్కోలేదు, నిలబడే మాట్లాడాడు. "కనబడితే చెప్పమన్నా గానీ కాపలా కాయమన్లేదన్నా. నాకూ కోపం వస్తాది. అందరికీ వచ్చే కోపమే అది. దాన్ని కూడా జబ్బు ఖాతాలో రాసేస్తే ఇంక నాకంటూ మిగిలేదేంది?"

నా ఉద్యోగంలో నేను తిన్న చీవాట్లన్నిటిలో ఉపయోగపడిన చీవాటు అది. అప్పటినుంచి తగ్గాను. నెల్లూరులో ఆ మాత్రల కోసం చేసే రక్తపరీక్షకు వెళ్లే రోజు తోడు వెళ్లేవాణ్ణి. పరీక్షయ్యాక కారం దోసె తినేవాళ్లం. దోసె కోసమే వెళ్లేవాణ్ణని అతను ఇప్పటికీ అంటాడు. నేను ఖండించను.

అతను కుంగిపోయిన రోజులు కూడా వచ్చాయి. సెలవు పెట్టి ఇంట్లో ఉండేవాడు. సాయంత్రాలు వాళ్లావిడ బలవంతం మీద బయల్దేరి వచ్చి కంట్రోల్ రూములో కూర్చునేవాడు. ఏం మాట్లాడేవాడు కాదు. మొదట్లో నేను కథలు చెప్పి ఉత్సాహపరచబోయాను. "అన్నా, గమ్మునుండు. ఊరికే కూర్చుందామని వచ్చినా" అన్నాడు. ఊరికే కూర్చున్నాం. గంటలకొద్దీ నేను నోరు మూసుకుని కూర్చున్నానంటే మా ఆవిడ నమ్మదు. మీరూ నమ్మనక్కర్లేదు. నిజం చెప్పాలంటే మధ్యమధ్యలో కునుకు తీశాను. లేచేసరికి అతను మీటర్ల రీడింగులు చూసి చెప్పేవాడు. అలాంటి రోజుల్లో ఒక మనిషి లేచి మొహం కడుక్కుని చొక్కా వేసుకుని ఇంతదూరం రావడమంటే ఎంత పనో నాకు మెల్లగా అర్థమైంది. మావాళ్లలో స్తంభాలెక్కే మొనగాళ్లను చాలామందిని చూశాను. అంత కష్టమైన ఎక్కుడు ఎవరూ ఎక్కలేదు.

ఇక తుపాను.

గాలి వెళ్లిపోయాక చూస్తే సముద్రం ఫీడరు సగం నేలమీద ఉంది. గుంటల్లో రొయ్యలకు గాలి అందించే చక్రాలు ఆగిపోయాయి. రైతులు జనరేటర్లు పెట్టుకున్నారు గానీ డీజిలు దొరకడం లేదు. మా ఇంజినీరు ఏఈ గారు చిన్నవాడు, వేరే జిల్లానుంచి వచ్చినవాడు, రెండు ఫోన్లు రెండు చెవులకు పెట్టుకుని తిరుగుతున్నాడు. అందరూ పనిలో పడ్డారు. అందరికంటే ముందు నా మిత్రుడు. ఒక స్తంభం నిలబెడితే వెంటనే ఇంకోటి అనేవాడు. తిండి వస్తే పక్కవాడికి ఇచ్చేవాడు. మిగతావాళ్లు స్కూలు వరండాలో ఒళ్లు వాలిస్తే అతను తీగ చుట్టలు విప్పుకుంటూ ఉండేవాడు. ఇలాంటి మనిషి జిల్లాలో లేడని రైతులన్నారు. పెద్దాయన కూడా ఫోన్‌లో, "వీడు మనిషి గాదు సామీ, మిషను" అన్నాడు.

నాకూ గర్వంగానే ఉంది. ఫోన్‌లో అతని గొంతు వింటుంటే మాత్రం ఎక్కడో గుచ్చుకునేది. ఎల్‌సీ అడగడానికి చేసినవాడు సముద్రం గురించి, ఇనుము గురించి, వాళ్ల నాయన వల గురించి ఏకధాటిగా చెప్పుకుపోయేవాడు. తన బూట్లు పాలెంలో ఎవరికో ఇచ్చేశాడని విన్నాను. చెబుదామని నోటిదాకా వచ్చింది. స్టోరు దగ్గర జరిగింది గుర్తొచ్చి, అలసటేమో, తుపానులో ఎవరైనా ఇంతేనేమో అనుకున్నాను. వాళ్లావిడకు ఫోన్ చేశాను. నేను అడిగేలోపే, "అన్నా, మాత్రల డబ్బా ఇంట్లోనే ఉండాది. ఆయన ఇంటి మొహం చూసి ఎన్నాళ్లయిందో. నేనే వస్తుండా" అంది. ఆమె మాటతో నా అనుమానానికి కాళ్లొచ్చాయి.

ఆ మధ్యాహ్నమే అది జరిగింది. చివరి బిట్టు పూర్తయింది. సముద్రం ఫీడరుకు కరెంటు వదలడమే తరువాయి. ఎల్‌సీ నా మిత్రుడి పేరు మీద ఉంది. ఫోన్ వచ్చింది గానీ అందులో ఉన్నది పెద్దాయన గొంతు. "పనైపోయింది. అందరం దిగినాం. వాడొక్కడే స్తంభం మీద కూర్చోని వాగుతుండాడు. దిగమంటే దిగడు. లైను వంకరగా ఉండాదంట, సముద్రం దాకా తిన్నగా లాగుతాడంట. ఎల్‌సీ ఇయ్యనంటున్నాడు."

అప్పటికే సబ్‌స్టేషన్ గేటు దగ్గర రైతులు గుమిగూడారు. వాళ్లకు కావలసింది కరెంటు. ఒకాయన గేటు పట్టుకుని, మా గుంటల్లో రొయ్యలు తలలు పైకి పెట్టేస్తున్నాయయ్యా అని ఏడుస్తున్నాడు. అతని తప్పేం లేదు. పని అయిపోయిన లైనును ఒక్క మనిషి కోసం ఆపడమేంటని పైనుంచి ఏఈ గారికి ఫోన్ మీద ఫోన్.

మా వీధిలో చెప్పే కథలో ఇక్కడ నేను ప్యానెల్ ముందు చేతులు చాచి నిలబడతాను. నా శవం మీదుగా స్విచ్చు వేసుకోండి అంటాను. జరిగింది అది కాదు. కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని, ఎల్‌సీ తిరిగి రాలేదు సార్ అని మాత్రం అన్నాను. మిగతాదంతా చేసింది ఆ చిన్నవాడు, ఏఈ గారు. "ఆయన నోటితో రాకుండా వదలం. పైవాళ్లకు నేను చెప్పుకుంటాను. మీరు వెళ్లి మాట్లాడండి" అని నా కుర్చీలో ఇంకో ఆపరేటర్ని కూర్చోబెట్టాడు. గేటు దగ్గరికి పోయి రైతుల చేత తిట్లు తిన్నదీ ఆయనే. పైనుంచి తిన్నదీ ఆయనే.

నడిచి వెళ్లానన్నది కూడా అబద్ధం. గేటు దగ్గర ఏడుస్తున్న రైతే కళ్లు తుడుచుకుని తన బండి మీద తీసుకెళ్లాడు. నీళ్లు చక్రాల సగానికి వచ్చాయి. ఆయన భుజం పట్టుకుని కళ్లు మూసుకున్నాను.

సరుగుడు తోపు పక్కన చివరి స్తంభం మీద ఉన్నాడు నా మిత్రుడు. చొక్కా లేదు. బెల్టు మాత్రం పెట్టుకున్నాడు. ఎండకు మెరిసిపోతూ, చెయ్యి ఊపుతూ, కింద ఉన్నవాళ్లందరితో ఒకేసారి మాట్లాడుతున్నాడు. వాళ్లావిడ అప్పటికే వచ్చి చేతిలో సంచితో నిలబడి ఉంది. పెద్దాయన అరుస్తున్నాడు. ఆయన్ని నోరు మూసుకోమన్నాను. ఆయన మూసుకున్నాడు. ఇది మాత్రం నిజం, సాక్షులున్నారు.

నేను మొదలుపెట్టాను. నువ్వు మా హీరోవన్నాను. అతను అవునన్నాడు. కలెక్టరు గారు సన్మానానికి పిలుస్తున్నారన్నాను. సన్మానం ఇక్కడికే తెమ్మన్నాడు. బిర్యానీ అన్నాను. అందరికీ పెట్టమన్నాడు. ఒక్క మాటా పనిచెయ్యలేదు. వాళ్లావిడ నా పక్కకు వచ్చి, "అన్నా, ఆయన నిన్ను ఏం చెప్పమన్నాడో అది చెప్పు" అంది.

తల పైకెత్తి చెప్పాను. "నువ్వు నిద్రపోలేదు. మాట ఆపటం లేదు. బూట్లిచ్చినావు, చొక్కా ఇచ్చినావు. కనబడితే చెప్పమన్నావు. కనబడింది. చెప్తుండా."

తిట్టాడు. ముందే మాటిచ్చినట్టుగా, ఏ లోటూ లేకుండా తిట్టాడు. నా వంశాన్ని, నా కుర్చీని, నా మధుమేహాన్ని కూడా వదల్లేదు. కొన్ని తిట్లు నేను అంతకుముందు వినలేదు. నేను అలాగే నిలబడ్డాను. తప్పుకోవడానికి చోటు లేదు, వెనక నీళ్లు. తిట్లు అయిపోయాక అతను సముద్రం వైపు తిరిగాడు. తర్వాత అన్న మాటలు నేను పెంచకుండా తగ్గించకుండా రాస్తున్నాను.

"అన్నా, నాకు బో బాగుండాది. పుట్టినప్పటినుంచీ ఇంత బాగా లేదు. ఇంత బాగుండాదంటే, నువ్వు చెప్పేది నిజమే అయ్యుండాల."

ఆ మాట అనడానికి ఎంత బలం కావాలో ఆలోచించండి. లోకమంతా తన చేతిలో ఉన్నట్టు ఒంట్లో ప్రతి నరమూ చెబుతుంటే, కింద నిలబడ్డ నాలాంటి బొంకులవాడి మాట నమ్మి, తన ఆనందాన్నే అనుమానించాలి. నేనైతే చెయ్యలేను. చేసినవాణ్ణి ఇంకొకణ్ణి చూడలేదు.

దిగాడు. ఒక్కో పట్టు చూసుకుంటూ దిగాడు. పెద్దాయన పక్కన నిలబడి సరిచూస్తుంటే, పని జరిగేటప్పుడు తీగలను నేలకు కలిపి ఉంచే ఎర్త్ రాడ్లు తీశాడు. అందరూ దూరం జరిగారా లేదా అని పేరుపేరునా పిలిచి అడిగాడు. అప్పుడు ఫోన్ తీసుకుని, రోజూ మాట్లాడే గొంతుతో, ఫలానా ఫీడరు ఎల్‌సీ తిరిగి ఇస్తున్నాను, మనుషులందరూ దిగారు, లైను వదలవచ్చు అని చెప్పాడు. ఆ ఒక్క నిమిషంపాటు ఆ ఉరవడినంతా ఎక్కడ ఆపిపెట్టుకున్నాడో నాకు ఇప్పటికీ తెలియదు. ఫోన్ పెట్టేశాక మళ్లీ మాటలు ఉరకడం మొదలైంది. వాళ్లావిడ చొక్కా తొడిగింది. ఏఈ గారు పంపిన జీపులో అతన్ని మధ్యలో కూర్చోబెట్టుకుని నెల్లూరు వెళ్లాం. దారిలో గుంటల్లో చక్రాలు తిరగడం మొదలైంది. కొన్ని గుంటల్లో అప్పటికే రొయ్యలు తేలిపోయాయి. అదీ జరిగింది, దాన్ని దాచను.

ఆసుపత్రిలో కొన్ని వారాలున్నాడు. నేను పళ్లు తీసుకెళ్లి నేనే తినేవాణ్ణి. పెద్దాయన ఒక్కసారీ రాలేదు. స్తంభం మీద వాగినవాడి చేతికి మళ్లీ తీగ ఎలా ఇస్తారని మాత్రం టీ దగ్గర అందరి ముందూ అన్నాడు. మాలో చాలామంది మనసులో ఉన్న మాటే అది. నిజానికి ఆసుపత్రి మంచం మీద నా మిత్రుడి భయమూ అదే. ప్రాణం దక్కింది గానీ పని పోతుందేమోనని. "ఇంట్లో కూర్చోబెడితే నేను ఇంక జబ్బుమనిషినే అన్నా. లైన్‌మన్‌ని కాదు" అన్నాడు.

డాక్టరమ్మ కొన్ని నెలలు కిందనే ఉండి పనిచెయ్యమంది. చేశాడు. ఆ తర్వాత ఎక్కవచ్చని రాసిచ్చింది. ఎక్కాల్సిన మొదటి రోజు పొద్దున అందరం వచ్చాం, ఎలా ఎక్కుతాడో చూద్దామని. ఏఈ గారు పనులు పంచుతూ అతని పేరు చదివారు.

అతను లేచి నిలబడ్డాడు. "సార్, రాత్రి నిద్ర సరిగ్గా పట్టలేదు. ఈరోజు నేనెక్కను."

ఇన్ని నెలలు ఎదురుచూసిన రోజున, తనను తూచడానికి వచ్చినవాళ్లందరి ముందు ఆ మాటన్నాడు. ఏఈ గారు సరేనని ఇంకొకరిని పంపారు. రెండు రోజుల తర్వాత, బాగా నిద్రపోయి వచ్చి, నాకు ఫోన్ చేసి ఎల్‌సీ తీసుకున్నాడు, ఎక్కాడు, దిగాడు, తిరిగి ఇచ్చాడు. నేను ఏడ్చానని చెప్పుకుంటుంటాను. ఏడవలేదు. టీ తెమ్మని కేకేశాను.

చాలా నెలల తర్వాత ఇంకో పొద్దున. ఏఈ గారు పెద్దాయన పేరు చదివారు. ఆయన ఇంట్లో ఏదో గడబిడ నడుస్తోందని మాకు అంతో ఇంతో తెలుసు. ఆయన మీసం తడుముకుని, నేలచూపు చూస్తూ, మాకెవరికీ అలవాటులేని చిన్న గొంతుతో అన్నాడు. "నాకూ నిద్ర లేదు సార్. తల బాగలేదు. నేనెక్కను."

ఎవరూ నవ్వలేదు. ఎందుకని ఎవరూ అడగలేదు. నా మిత్రుడు లేచి, ఆ పని నేను చూస్తాను సార్ అన్నాడు. బయటికి వెళ్తూ పెద్దాయన దగ్గర ఆగి, వంగి, చెవిలో ఏదో చెప్పాడు. అదేమిటో నాకు వినబడలేదు. తర్వాత అడిగినా ఇద్దరూ చెప్పలేదు. మామూలుగా అయితే ఇలాంటిచోట ఒక గొప్ప మాట నేనే కల్పించి అతని నోట్లో పెట్టేవాణ్ణి. పెద్దాయన మొహం మాత్రం చూశాను. పొద్దుటినుంచి బిగబట్టుకున్న ఆయన భుజాలు మెల్లగా కిందికి దిగాయి.